పేజీల్లో కరిగిన గుట్ట

నా చిన్నప్పుడు మా ఊళ్ళో బొమ్మల పుస్తకమంటూ ఒక్కటే ఉండేది. అదీ అచ్చయింది కాదు. పక్కింటి అక్క పెన్సిలుతో గీసిన రెండు వందల పేజీల నోటుబుక్కు.

మాది వనపర్తి నుంచి పెబ్బేరు వెళ్ళే దారికి కాస్త లోపలగా ఉన్న మెట్ట ఊరు. ఊరికి పడమట రెండు శిఖరాల చిన్న గుట్ట. మొదట్లో మా నాయిన ఏటా దసరా కాగానే మట్టి పనికి దూరదేశాలు వెళ్ళి, మళ్ళీ వానలు మొదలైతేగాని కనిపించేవాడు కాదు. గుట్ట కింద కంకర మిషన్ పెట్టాక అందులో పనికి కుదిరి ఇంటిపట్టున ఉండసాగాడు. సాయంత్రాలు కనురెప్పల మీద కూడా తెల్లటి దుమ్ముతో వచ్చేవాడు. మా నాయినను మాకు తెచ్చి ఇచ్చింది కాబట్టి ఆ మిషన్ అంటే నాకు ఎంతో ప్రేమ. బడిలో పలక మీద దాని బొమ్మే గీసేదాన్ని.

పక్కింటి అక్క బట్టలు కుట్టేది. ఆమె కుట్టుమిషన్ గుట్టవైపు కిటికీ పక్కనే ఉండేది. వనపర్తిలో చదువుకునే రోజుల్లో గ్రంథాలయంలో ఒక పుస్తకం చూసిందట, కార్టూన్ సినిమాలు ఎలా తీస్తారో చెప్పే పుస్తకం. ఒకే బొమ్మను పేజీ పేజీకి కొంచెం మార్చి గీసి, గబగబా తిప్పితే బొమ్మ కదులుతుందని అందులో ఉందట.

నేను మూడో తరగతిలో ఉండగా ఒక ఆదివారం లంగా కొలతలకని వాళ్ళింటికి వెళ్ళాను. అక్క ఆ నోటుబుక్కు నా చేతిలో పెట్టి, "కొసలు బొటనవేలితోని పట్టుకొని ఒక్కొక్కటి ఇడుసుకుంట పో" అంది.

వదిలాను. పేజీ మూలల్లో రెండు శిఖరాల గుట్ట ప్రత్యక్షమైంది. చూస్తుండగానే కుడివైపు శిఖరం మీది బండరాతి గుండు కదిలింది, జారింది, మాయమైంది. కింద ఉన్న చెట్లు ఒకటొకటిగా చెరిగిపోయాయి. తర్వాత శిఖరమంతా నోట్లో వేసుకున్న బెల్లం ముక్కలా కరిగిపోయింది. నాకు పట్టరాని నవ్వు వచ్చింది. మళ్ళీ తిప్పాను, మళ్ళీ నవ్వాను.

"మస్తు కల్పించినవక్కా!" అన్నాను.

అక్క నవ్వలేదు. "నేనేం కల్పించలే పిల్లా. రెండు దినాలకోసారి, మిషన్ తొక్కేముందల కిటికీల కెల్లి ఏం కనవడితె గదే గీసిన. జర తలెత్తి చూడు."

తలెత్తాను. కిటికీలోంచి గుట్ట కనిపించింది. దానికి ఒకటే శిఖరం ఉంది. రెండోది ఉండాల్సిన చోట ఖాళీ ఆకాశం.

ఆ గుట్టను చూడని రోజు నాకు లేదు. బడికి దాని ముందునుంచే వెళ్తాను. అయినా అది ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. పొద్దున్నే ఆ వైపునుంచి నెమళ్ళు అరిచేవి. ఎప్పుడు మానేశాయో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. బయటికి పరుగెత్తి అరుగు మీద నిలబడి మళ్ళీ చూశాను. కిటికీ అబద్ధం చెప్పిందేమోనని ఆశ.

సాయంత్రం నాయిన రాగానే నోటుబుక్కు తెచ్చి ఇచ్చాను. అక్కను కోప్పడతాడనుకున్నాను. ఆయన పగిలిన బొటనవేలితో పేజీలు వదిలాడు. ఒకసారి, రెండుసార్లు. మూడోసారి వెనక పేజీ నుంచి ముందుకు తిప్పాడు. నేలలోంచి రెండో శిఖరం లేచింది, చెట్లు మొలిచాయి, పైన గుండు వచ్చి కూర్చుంది. అక్కడ వేలు ఆపి చాలాసేపు అలాగే పట్టుకున్నాడు.

"ఈ చేతులతోనే తీసిన బిడ్డా. దినానికింత రాయే గద అనుకున్న. గింత పోయిందని నాకే తెల్వదు" అన్నాడు.

ఆయన ఇక పనికి వెళ్ళడనుకున్నాను. మర్నాడు ఎప్పటిలాగే సద్దిమూట పట్టుకుని వెళ్ళాడు. నాకు ఏడుపు వచ్చింది. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుని, "పోకపోతే మల్ల వలస పోవాలె. నాయినను పంపనా?" అని అడిగింది.

అక్క రెండో నోటుబుక్కు మొదలుపెట్టి సగంలో ఆపేసింది. గీయడానికి ఏమీ మిగల్లేదు. గుట్ట ఉన్నచోట గొయ్యి పడి, అందులో వాననీళ్ళు నిలిచాయి. మిషన్ ఇంకో గుట్ట దగ్గరికి తరలిపోయింది. మా నాయిన మళ్ళీ దూరదేశం బస్సెక్కాడు.

నేనిప్పుడు గద్వాలలో ఉంటున్నాను. పెళ్ళిళ్ళలో, దవాఖానల్లో తెలిసినవాళ్ళు కలిసి, "మీ దిక్కు ఎట్లున్నది?" అని మాటవరసకు అడుగుతుంటారు. అంతా అట్లనే ఉన్నదని అలవాటుగా నోటిదాకా వస్తుంది. ఆ ఒక్క మాట మాత్రం ఆనాటి నుంచి నేను అనలేకపోతున్నాను.

"పోయి చూసొచ్చి చెప్త" అంటాను.