సుభద్ర గారి శాస్త్రం

మార్కెట్లో ఎండుచేపల వాసన తగిలితే నాతో ఉన్నవాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను ఆగిపోతాను. పంతొమ్మిది వందల అరవైల మొదట్లో, సముద్రం ఒడ్డున జువ్వలదిన్నెలో ఆ వాసన మధ్యే సుభద్ర గారి దగ్గర పనిచేశాను. ఆవిడ మానవశాస్త్రం చదివిన మనిషి, చేపలు పట్టే పల్లెకారుల జీవితంపై మా సర్వేకి పెద్ద. నేను నెల్లూరులో ఎకనామిక్స్ చదివి, లెక్కకు రానిది లోకంలో లేదనుకునే పిల్లని. మేము ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు ముగించుకుని వచ్చేసరికి, ఆవిడ ఇంకా మొదటి గుమ్మంలోనే ఆడవాళ్లతో కూర్చుని చేపలు తోముతూ ఉండేది. నాకు ఒళ్లు మండేది.

పోలమ్మ ఇంట్లో నా పని ఆగిపోయింది. ఆమె భర్త గాలివానకు సముద్రంలో పోయాడు. పడవ చెక్కలు దొరికాయి, శవం దొరకలేదు. వితంతువని రాస్తే సర్కారు బియ్యం వస్తాయి. ఇంట్లో చిన్నపిల్లలు. రాయబోతుంటే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

"అట్ట రాయమాకమ్మా. ఆయన వేటకి పోయినాడు. ఇంకా రాలా."

శవం కనబడనంత వరకు ఆ పల్లె ఆమెను ముత్తయిదువగానే చూసేది. కొత్త పడవకు పసుపు కుంకుమ పెట్టడానికి ఆమెనూ పిలిచేవారు. నాకవేవీ పట్టలేదు.

"ఇదేం శాస్త్రం మేడమ్, గుమ్మాల్లో కూర్చుని వినడం? పిల్లలు పస్తులుంటున్నారు" అన్నాను ఆ సాయంత్రం సుభద్ర గారితో.

ఆవిడ నొచ్చుకోలేదు. "ఆ ఇంటికి ఎంత బియ్యం కావాలో నీ శాస్త్రం చెబుతుంది. అది చిన్న సంగతని నేననను. ఇలాంటి ఆడవాళ్లకు ఊళ్లో ఏ స్థానం ఉంటుందో సోషియాలజీ వాళ్లు చెబుతారు. ఆ బియ్యం తినాలంటే పోలమ్మ ఏం వదులుకోవాలో, ఆమె పక్కన కూర్చుని వినడం నా పని."

"విని?"

"చాలాసార్లు అక్కడే ఆగిపోతుందమ్మాయ్."

అయినా ఆవిడ ఊరుకోలేదు. నెల్లూరు వెళ్లి, ఆచూకీ లేనివాడి భార్యకూ సాయమివ్వమని ఆఫీసరును బతిమాలింది. రూల్సు ఒప్పుకోవన్నాడు. తిరిగొచ్చి, ఏదీ దాచకుండా పోలమ్మకు చెప్పింది. పోలమ్మ పిల్లల వైపు చాలాసేపు చూసి, కొంగుతో బొట్టు తుడిచేసుకుంది.

"మీరే రాయండమ్మా. ఆయన పేరు నా నోటితో చెప్పకూడదు. ఆ పేరు మీకు తెలుసు గదా" అంది సుభద్ర గారితో.

నాకు ఆ పేరు తెలియదు. ఆవిడ ఏడుస్తూనే రాసింది. బియ్యం వచ్చిన రోజు పోలమ్మ పిల్లలకు వండిపెట్టింది, తను ముట్టలేదు. నా పట్టికలో మాత్రం ఆ ఇంటికి సాయం అందింది. ఆ తర్వాత జీవితమంతా ఎకనామిక్స్ పాఠాలే చెప్పాను, లెక్కల్ని నమ్మే చెప్పాను. కానీ ఏ అంకె చూసినా, అందులో చేరడానికి ఎవరు ఏం పోగొట్టుకున్నారోనని ఇప్పటికీ భయమేస్తుంది.