తలుపు మీద వేపమండ

ఆ రోజుల్లో, రాయ్‌పూర్ కొత్తగా రాజధాని అయిన రోజుల్లో, నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. సంతకం తప్ప మరో అక్షరం రాయడం రాదు (ఇప్పుడూ రాదు, నోటితో చెప్పి రాయిస్తున్నాను). అయినా భూమ్మీద సంగతులే కాదు, ఆకాశం సంగతులు అడిగినా తడుముకోకుండా చెప్పేదాన్ని. ఇరవై ఏళ్ళ వయసు మరి.

మాది శ్రీకాకుళం వైపు. మా ఆయనకి రాయ్‌పూర్ శివార్లలో, బీర్‌గావ్ పక్కన ఇనుప ఫ్యాక్టరీలో పని. ఒకే వరసలో ఆరు గదులుంటే మాదొకటి, తక్కిన ఐదింట్లోనూ ఛత్తీస్‌గఢ్ వాళ్ళే. నాకు హిందీ రాదు, వాళ్ళ భాష అసలే రాదు. కాపురానికొచ్చి ఆరు నెలలైంది, కడుపులో ఐదో నెల, ఎవరితోనూ ఒక్క మాట లేదు. మా ఆయనకి అదే బెంగ. తను డ్యూటీలో ఉండగా నాకు నొప్పులొస్తే ఎవరిని పిలవాలి? "ఈ నెలాఖరు లోపు ఎవులితోనైనా మాట కలుపుకో. నేదంటే పుట్టింటికి రైలెక్కించేస్తాను" అన్నాడు. పుట్టింట్లో అమ్మ లేదు, వదిన ఉంది. ఆవిడ చేతి కింద పురుడు పోసుకోవడం కంటే రైలు పట్టాల మీద పోసుకోవడం నయం.

ఒకరోజు అన్నం తింటూ, టీకొట్టు దగ్గర పేపర్లో చూసిన సంగతి చెప్పాడు. చుక్కల్లో మనలాంటి తెలివైన వాళ్ళున్నారేమోనని సైంటిస్టులు తిరగేసిన గొడుగుల్లాంటివి పెట్టి ఏళ్ళ తరబడి వింటున్నారట. ఒక్క కబురూ రాలేదట.

"ఎందుకు రానేదంటావు?" అని నన్నడిగాడు.

"ఎవులూ నేరు కాబట్టి రానేదు. ఉంటే పొయ్యి పొగైనా కనపడదా?"

"మరి ఈ లైన్లో అయిదు పొయ్యిలు పొగొస్తన్నాయి కదే. నీకేటి కబురొచ్చింది?"

"ఆలు పలకరిస్తే కదా. నాకేటి, నోరు నేదా?"

తర్వాత కొద్ది రోజులకే ఆషాఢ అమావాస్య. మా ఆయన డ్యూటీకి వెళ్ళాక, ఎవరో మా ద్వారబంధం మీద ఠపఠపా కొడుతున్న చప్పుడు. తలుపు సందులోంచి చూస్తే, ఒకడు మా గుమ్మం పైన మేకు దిగ్గొడుతున్నాడు. ఇంకొకడు వేపమండ గుచ్చుతున్నాడు. వెనక పక్కింటావిడ నిలబడి ఇక్కడ, ఇక్కడ అని చేత్తో చూపిస్తోంది. తక్కిన ఐదు గుమ్మాలకీ అప్పటికే వేపమండలు వేలాడుతున్నాయి.

మా ఊళ్ళో గుమ్మానికి వేపమండ కట్టారంటే ఆ ఇంట్లో అమ్మవారు పోసిందని అర్థం. కడుపుతో ఉన్నది ఆ ఛాయలకే పోదు. అంటే లైనంతా అమ్మవారే. నాకూ పోసిందని వీళ్ళు తేల్చేసి, బయటికి రాకుండా మేకులు కొట్టేస్తున్నారు (ఒక్క మేకుతో తలుపు ఎలా మూస్తారని ఆలోచించే తీరిక నాకెక్కడిది). గడి వేసి, ఒంటినిండా పసుపు రాసుకుని మూల కూర్చున్నాను. కాసేపటికి తలుపు తట్టారు. మధ్యాహ్నం మళ్ళీ తట్టారు. నేను గడి తీయలేదు.

సాయంత్రం మా ఆయన గొంతు విని తలుపు తీస్తే, ఆయన వెనకాల మా లైన్లోని ఆడవాళ్ళంతా ఉన్నారు. పక్కింటావిడ చేతిలో కంచం, అందులో బెల్లం అట్లు. నా ముఖం చూసి ఆవిడ రెండడుగులు వెనక్కి వేసింది.

"ఏటే ఈ అవతారం?"

"లైనంతా అమ్మోరు పోసినాదయ్యా."

ఆయన వాళ్ళతో హిందీలో ఏదో మాట్లాడి, గుమ్మంలోనే కూలబడి నవ్వాడు. అది వీళ్ళ హరేలీ పండగట. ఏ రోగమూ ఇంట్లోకి రాకూడదని ప్రతి గుమ్మానికీ వేపమండ, ఇనుప మేకు పెడతారట. ఆ మేకులు కొట్టేవాళ్ళు పరాయి వాళ్ళ ఇల్లని మాది వదిలేసి పోతుంటే, లోపల కడుపుతో ఉన్న పిల్ల ఉందని పక్కింటావిడే వాళ్ళని వెనక్కి పిలిచిందట.

"లే, ఖా లే బహూ" అంటూ ఆవిడ అట్టు ముక్క నా నోటికి అందించింది. ఎవరూ తర్జుమా చేయక్కర్లేదు. మూడు తిన్నాను. పురుటికి రైలెక్కలేదు. నొప్పులొచ్చిన రోజు ఆటోలో నా తల ఒళ్ళో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆవిడే.

కాబట్టి చుక్కల్లో వాళ్ళ జాడ ఎందుకు దొరకలేదో సైంటిస్టులు నన్నడిగితే చెబుతాను. వాళ్ళున్నారు. కబురు పంపే ఉంటారు. అది మన ఊరి పద్ధతిలో వస్తుందని చూస్తూ, వచ్చినదాన్ని ఇంకేదో అనుకుని ఉంటాం. మా ఆయన ఉంటే ఇది ఒప్పుకునేవాడు (ఒప్పుకునేవాడు కాదులెండి, ఇంకా నవ్వేవాడు). నాకూ ఆనాటి ఆ ఇరవై ఏళ్ళ పిల్ల గుర్తొస్తే నవ్వే వస్తుంది. ఈ ఊళ్ళో నాకెవరూ లేరని వెక్కివెక్కి ఏడుస్తూ, తలుపు తడుతున్న చప్పుడు వినపడకుండా చెవుల్లో చీర చెంగు కుక్కుకుని కూర్చుంది.