రోడ్డు మీద ఉడికిన పెద్దకూర

ముక్క చెంచాతో తెగాలి. పరీక్ష అదొక్కటే. ఓడల్లో ముప్పై ఏళ్లు వంట చేసి దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడిన కాకినాడ పెద్దాయన ఒకరు ఓడలకు వంటవాళ్లను తయారుచేసి పంపేవారు. నన్ను చేర్చుకోవాలంటే కిలోన్నర పెద్దకూరను, అంటే గొడ్డు మాంసాన్ని, కొయ్యకుండా, సోయా సాస్‌లో నాలుగు గంటలు సన్నని సెగ మీద ఉడికించి, ఐదింటికల్లా తెమ్మన్నారు. అప్పటికి నా డిగ్రీ అయిపోయి రెండేళ్లు. ఇంట్లో వాళ్లు నన్ను తిట్టడం కూడా మానేశారు. అదే నా భయం.

పదకొండింటికి ముక్కకు దారం చుట్టి, నూనెలో అన్ని వైపులా ఎర్రగా కాల్చి, సోయా సాస్, అల్లం, వెల్లుల్లి, అనాసపువ్వు, బెల్లం, బత్తాయి తొక్క వేసి మూత పెట్టాను. అమ్మ తొంగి చూసింది.

"కోసుడు మర్చిపోయినవా?"

"గట్లనే వండాలె అమ్మా."

"మరి దారమెందుకు? ఉరుకుతదా?"

గంటన్నరకు గ్యాస్ అయిపోయింది. ఆ రోజు తెలంగాణ కోసం ఎల్‌బీ నగర్‌లో వంటా వార్పు. విజయవాడ రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండి అక్కడే తినడం. బండ్లు తిరగవు కాబట్టి సిలిండర్ రాదు. నేను గోడకు ఆనుకుని నా జీవితం గురించి ఆలోచిస్తుంటే అమ్మ మసిబట్టతో గిన్నె ఎత్తింది.

"ఊరంతా రోడ్డు మీద పొయ్యి వెట్టింది. నువ్వు ఈడ మొకం వేలాడేసుకొని గూసున్నవ్. నడువు."

మా గల్లీ వాళ్ల పొయ్యి ఒకటి ఖాళీగా దొరికింది. పక్క పొయ్యి మీద మా వెనకింటి అత్త పప్పు వండుతోంది. మాలాగే నల్లగొండ నుంచి వచ్చిన మనిషే గానీ, శనివారం గుడ్డు కూడా ముట్టదు.

"ఏం కూర వదినా?" అని అమ్మను అడిగింది.

నేను చికెన్ అనబోయాను. అమ్మ నాకంటే ముందుంది.

"పెద్దకూర. నీకు నడవదు."

అత్త గరిటెను పప్పులో వదిలేసి మా పొయ్యి దగ్గరికి జరిగింది.

"తినుడు నడవదు. మంట జూసుడు నడుస్తది," అని అత్త మా పొయ్యిలోంచి రెండు కట్టెలు బయటికి లాగింది. "గింత మంట వెడితే అడుగంటుతది. ఏం నేర్చినవ్ రా?"

డప్పులు దగ్గరికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు ఉత్సాహంగా కట్టె దూర్చేవారు. అత్త తీసేసేది. పది నిమిషాలకోసారి నేను మూత తీసేవాణ్ని, అమ్మ నా చేతి మీద కొట్టేది. మూడున్నర దాటాక చెంచా దించాను. దిగింది.

గిన్నె ఎత్తబోతుంటే పళ్లెం పట్టుకుని ఒకాయన అడ్డం వచ్చాడు.

"ఏడికి తమ్మీ? ఈడ వండింది ఈడనే తినాలె."

ఆయన వెనక ఇంకో నాలుగు పళ్లేలు. సిద్ధాంతపరంగా ఆయనదే న్యాయం. అత్త లేవకుండానే అంది:

"అది కొలువుకు పోయే కూర. మనం గూసున్నది కొలువుల కోసమే గదన్నా? పప్పు వోస్త, పట్టు."

పళ్లెం పప్పు వైపు తిరిగింది.

బస్సుల్లేవు. గిన్నెను తువ్వాలలో చుట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ దాకా నడిచాను. సగం దారిలో అసలు విషయం తట్టింది. పెద్దాయనది కాకినాడ. కూర ఉడికింది తెలంగాణ పొయ్యి మీద. అడిగితే తప్ప చెప్పకూడదని నిర్ణయించుకున్నాను. ఉద్యమకారుడిగా నా చరిత్ర అక్కడితో ముగిసింది.

ఆయన చెంచాతో నొక్కారు. తెగింది. నోట్లో పెట్టుకుని ఆగిపోయారు.

"పొగ వాసనేంటోయ్? ఎక్కడ వండావు?"

"ఎల్‌బీ నగర్ రోడ్డు మీద సార్. గ్యాస్ అయిపోయింది."

మూలనున్న టీవీలో శబ్దం లేకుండా ఆ రోడ్డే కనిపిస్తోంది.

"అంటే మమ్మల్ని పొమ్మని వండిన కూర తెచ్చి నాకే పెడుతున్నావన్నమాట."

నేను తువ్వాల మడతపెట్టడం మొదలుపెట్టాను.

ఆయన ఇంకో ముక్క తెంపుకున్నారు. నెమ్మదిగా నమిలారు. "ఓడలో ఇంత పొగ వస్తే సైరన్ మోగుతుంది. ముందు పొగ లేకుండా వండడం నేర్చుకోవాలి. సోమవారం ఏడింటికి రా."