మంచు సముద్రం అడుక్కి మార్టూరు రాయి

మార్టూరుకి ఎవరైనా సరదాగా వెళ్తారా అని మా ఇంట్లో నవ్వారు. నవ్వుకోనీ. గుంటూరు నుంచి ఒంగోలుకి లెక్కలేనన్నిసార్లు వెళ్లాను గానీ, దారిలో మార్టూరు దగ్గర ఎప్పుడూ దిగలేదు. రోడ్డు పక్కన వరసగా నిలబెట్టిన గ్రానైట్ పలకల్ని బస్సు కిటికీలోంచి చూడటం, మళ్లీ కునుకు తీయడం, అంతే. ఈసారి దిగడానికి కారణం సునీత. కాలేజీ హాస్టల్లో నా రూమ్మేట్. ఇప్పుడు సముద్రం అడుగున బతికే ప్రాణుల మీద పరిశోధన చేస్తోంది. అదీ మామూలు సముద్రం కాదు, అంటార్కిటికా చుట్టూ ఉండే మంచు సముద్రం. మంచుకి కన్నం చేసి అందులోకి దిగుతుంది. హాస్టల్లో చన్నీళ్ల స్నానానికి ఏడుపు లంకించుకున్న పిల్ల ఇది! "మార్టూరులో నా రాళ్లు తయారయ్యాయి. సాయంత్రానికి ఒంగోలులో లారీ ఎక్కించాలి, తోడు రావే" అని ఫోన్ చేసింది. అంటార్కిటికాకి మార్టూరు రాళ్లెందుకో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. సెలవు పెట్టేశాను.

ఉదయం ఏడింటికి గుంటూరు బస్టాండులో ఒంగోలు ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. మార్టూరుకి టికెట్ వంద పైచిలుకు, ప్రయాణం గంటన్నర. కిటికీ పక్క సీటు కావాలంటే కాస్త ముందే వెళ్లండి. చిలకలూరిపేట దాటాక రోడ్డుకి రెండు పక్కలా పత్తి, మిరప. అక్టోబరు కావడంతో పత్తికాయ అప్పుడప్పుడే పగులుతోంది, మిరప మొక్క ఇంకా మోకాలి ఎత్తుకి రాలేదు. ఆ పచ్చదనం చూస్తూనే సునీత తన సముద్రం కబుర్లు మొదలుపెట్టింది. ఆ మంచు కింద చీకటి, బురద తప్ప ఏమీ ఉండవని నేననుకునేదాన్ని. అక్కడ నీళ్లకడవ కంటే పెద్ద స్పంజులనే ప్రాణులు ఉంటాయట, అరచెయ్యంత సముద్రపు సాలీళ్లు, చేతులు లెక్కపెట్టలేని నక్షత్ర చేపలు. అన్నీ నిదానమే. స్పంజి అంత కావడానికి ఎన్ని తరాలు పడుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరట. ఎవరూ నీళ్లు పెట్టని, ఎరువు వేయని తోట ఒకటి ఆ చలిలో అలా పెరుగుతూ కూర్చుందంటే నాకు ఒళ్లు పులకరించింది.

"పోయినసారి దిగితే ఆ తోట లేదే" అంది సునీత. "సముద్రం పైన గడ్డకట్టిన మంచు గట్టిగా ఉంటే పెద్ద మంచుకొండలు కదలకుండా ఉంటాయి. ఇప్పుడది పలచబడుతోంది. కొండలు కదిలి, అడుగంతా గీరుకుంటూ పోతున్నాయి."

"అంటే కాపుకొచ్చిన మిరప చేలో ట్రాక్టరు తోలినట్టా?"

"అదే. చేలో అయితే మళ్లీ నారు పోస్తారు. అక్కడ పోసేదెవరు?"

గీరుకుపోయిన చోట ముందు ఎవరొచ్చి అంటుకుంటారో, నీళ్లు వేడెక్కితే ఆ వరస ఎలా మారుతుందో చూడాలన్నది తన పని. అందుకు అడుగున చిన్న పలకలు పెట్టి, కొన్నేళ్లు ఆగి తీస్తారు. చాలామంది ప్లాస్టిక్ పలకలు వాడతారట. అక్కడి ప్రాణులు మాత్రం మంచుతో కొట్టుకొచ్చి అడుగున పడ్డ రాళ్లని పట్టుకుని బతుకుతాయి కాబట్టి రాయే పెట్టాలని ఇది పట్టుబట్టింది. రాయి అనగానే దీనికి గుర్తొచ్చింది మార్టూరు. వాళ్ల నాన్నగారు అక్కడి మిషన్ స్కూల్లో లెక్కల మాస్టారుగా పనిచేశారు.

మార్టూరు సెంటర్లో దిగి బండి దగ్గర ఇడ్లీ తిన్నాం. ప్లేటు ముప్ఫై రూపాయలు, కారప్పొడి మీద నెయ్యి వేసి ఇస్తారు, తప్పకుండా తినండి. బండామె మమ్మల్ని ఎగాదిగా చూసి, "రాయి కోసమా అమ్మా? ఇల్లు కడతన్నారా?" అని అడిగింది.

"కాదండీ, సముద్రంలో వెయ్యడానికి" అన్నాను.

"కొని సముద్రంలో పారేస్తారా!" అని ఆమె ఇంకో రెండు ఇడ్లీలు వేసింది. మా మీద జాలేసిందేమో.

అక్కడి నుంచి షేర్ ఆటోలో తలా ఇరవై ఇచ్చి పాలిషింగ్ యూనిట్‌కి వెళ్లాం. లోపల కోత రంపాల మోతకి పక్కమనిషి మాట వినపడదు. రంపం మీద నీళ్లు ధారగా పడుతుంటే తెల్లటి బురద కాళ్ల కింద పారుతోంది. యూనిట్ నడిపే మస్తాన్‌వలి గారు ఎదురొచ్చారు. అరవై దాటిన మనిషి. సునీత వాళ్ల నాన్నగారి దగ్గర చదువుకున్నారట, అందుకే సునీత బాబాయ్ అంటుంది. "రామ్మా, టీచరు గారి పాపా!" అంటూ లోపలికి తీసుకెళ్లి, గోనెసంచి ఎత్తి చూపించారు. దగ్గర్లోని బల్లికురవ క్వారీల బూడిదరంగు రాయి. జానెడు పలకలు, ముందూ వెనకా అద్దాల్లా మెరుస్తున్నాయి. నా జుట్టు చెదిరిందని అందులోనే చూసుకున్నాను.

సునీత మొహం మాత్రం మాడిపోయింది. "బాబాయ్, పాలిష్ వద్దన్నాను కదా. గరుకుగానే ఉంచమన్నాను."

"అన్నావమ్మా. డబ్బులకి మొహమాటపడి అట్టా అంటన్నావనుకున్నా. మాస్టారి పాప అంత దూరం తీసకపోతంటే రంపం గీతలతో పంపుతానా? మూడు రోజులు నేనే కూచున్నా. ఇది నా లెక్కలో."

ఆయన ప్రేమకి సంతోషించాలో, తల పట్టుకోవాలో తెలియలేదు. నున్నటి రాయి మీద పిల్లప్రాణులు సరిగా నిలవవు. కొత్తగా కోయించాలంటే రంపాల మీద వేరేవాళ్ల సరుకు ఉంది, ఖాళీ కావడానికి రోజులు పడుతుంది. సాయంత్రం లారీ తప్పితే గోవాలో అంటార్కిటికా ఓడ తప్పుతుంది. ఓడ తప్పితే మళ్లీ ఏడాదికే. ఈలోగా ఆ గీరుకుపోయిన చోటికి ఎవరు ముందొచ్చారో చూసే అవకాశం పోతుంది. సునీత ఒక రాతి దిమ్మ మీద కూలబడింది. దీన్ని అలా చూడటం నాకు కష్టంగా అనిపించింది.

కాసేపటికి లేచి, "మంటతో గరుకు చేస్తారు కదా బాబాయ్, మెట్ల రాళ్లకి?" అని అడిగింది. చేస్తారు. గ్యాసు మంట తగిలిస్తే రాయి పైపొర పొట్టులా రాలిపోతుంది. ఇవి పలచటి ముక్కలు, పగలొచ్చు. కావలసిన వాటికంటే రెండే ఎక్కువున్నాయి.

మస్తాన్ గారు ఒక పలకని అరచేత్తో నిమిరారు. మూడు రోజుల మెరుపు మరి. తర్వాత తనే మంటగొట్టం అందుకున్నారు. పేలాలు వేగుతున్నట్టు చిటపటమని రాయి రాలింది. మొదటి పలక టప్పున రెండు ముక్కలైంది. మూడోదీ పోయింది. ఇక ఒక్కటి పగిలినా తక్కువే. ఆయన మంట తగ్గించి, చెయ్యి ఒకేచోట ఆపకుండా, ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటూ ఒక్కొక్కటే చేశారు. మంచులోకి వెళ్లే రాయి ఆ ఎండలో, ఆ మంట ముందు తయారవుతుంటే నేను నోరు తెరుచుకుని చూస్తూ నిలబడ్డాను. అన్నం వేళ దాటిపోయిందని కూడా తెలియలేదు.

అన్ని పలకల పైవైపూ పూర్తయ్యాక ఆయన రెండోవైపు తిప్పబోతే సునీత చెయ్యి పట్టుకుంది. "చాలు బాబాయ్. ఒకవైపు గరుకుంటే నా లెక్క సరిపోద్ది. ఆ వైపు మీ మెరుపు ఉండనీ."

"అక్కడ దాన్ని చూసేదెవరమ్మా?"

"నేనే చూస్తా, తీసినప్పుడు. చలి చలిగా ఉంటే అక్కడ ఏదైనా మెల్లగానే పెరుగుతుంది. నీళ్లు వేడెక్కితే మాత్రం ఒకే జాతి ప్రాణి గబగబా పాకి, మిగతావాటికి చోటు లేకుండా పలకంతా కప్పేస్తుందని మా భయం. అప్పుడు మీ నున్నటి వైపునీ వదలకపోవచ్చు."

ఆయన పలక తిప్పి చూశారు. "అయితే నా మెరుపు కనపడితే మంచిదన్నమాట."

"అంత తేలిగ్గా చెప్పలేం గానీ... అవును బాబాయ్, కనపడితే నాకు సంతోషమే."

మస్తాన్ గారు ఒక పలకని లుంగీ అంచుతో తుడిచి, అందులో తన మొహం చూసుకుని, గడ్డి పరిచిన పెట్టెలో పెట్టారు. ట్రాలీ ఆటో మాట్లాడుకుని అయిదు దాటాక ఒంగోలు పార్సిల్ ఆఫీసుకి చేరాం, ఇంకాస్త ఆలస్యమైతే లారీ వెళ్లిపోయేదే. అది కదిలాక గానీ సునీత టీ తాగలేదు.

మీరూ మార్టూరు వెళ్తే ఉదయం పూటే వెళ్లండి, బూట్లు వేసుకోండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, రాతిధూళి మంచిది కాదు. యూనిట్ వాళ్లని ముందే అడిగితే దగ్గరుండి చూపిస్తారు.

ఆ రోజు నుంచి వంటగట్టు మీద రాయిని చూసినా నాకు ఆ మంచు కిందున్న తోట గుర్తొస్తుంది. మన ఎండలకి మనం అలవాటు పడ్డాం, ఆ నిదానం ప్రాణులకి ఆ వెసులుబాటు లేదు. వాటి కోసం ఎవరు ఏమాత్రం పాటుపడినా నాకిప్పుడు గొప్పగానే కనిపిస్తోంది. మస్తాన్ గారు నా నంబరు తీసుకున్నారు, సునీతకి అంటార్కిటికాలో ఫోన్ అందదని. ప్రతి శుక్రవారం నమాజు అయ్యాక ఫోన్ చేస్తారు. "మన రాళ్లు ఇంకా మెరుస్తన్నయ్యా అమ్మా?" అంటారు. పైకి తీసేదాకా ఎవరికీ తెలియదని సునీత వెళ్లేముందు చెప్పమంది. ఆ మాట చెప్పడానికి నాకు నోరు రాదు. "మెరుస్తూనే ఉండాలి బాబాయ్" అంటాను. "ఉండాలమ్మా, ఉండాలి. దువా చేస్తన్నా" అంటారాయన. ఆయన పెట్టేశాక కాసేపు నేనూ అదే కోరుకుంటాను.