పురికొసంత కొడుకు

కొడుకు పుట్టిన పదకొండో రోజు పొద్దున వాడికి నీళ్ళు పోస్తుంటే నాకు ఉన్నట్టుండి ఒక సంగతి తెలిసిపోయింది. వీడు నా బిడ్డ కాదు, ఎవరో మార్చేశారు. వెంటనే గుడ్డలో చుట్టుకుని పక్కింటికి పోయి, “మీ బిడ్డను మీరు తీసుకోండి, మా బిడ్డను మాకియ్యండి” అని పేచీ పెట్టాను. వాళ్ళది మూడు నెలల ఆడపిల్ల. అయినా నేను వినలేదు! ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం మా ఊరు ఐరాలలో ఎవరూ నవ్వలేదు.

నాకు తల్లి లేదు కాబట్టి కాన్పు అత్తగారింట్లోనే జరిగింది. పక్కింటికి పోయిన రోజు నుంచి నిద్ర పూర్తిగా పోయింది. తాయెత్తు కట్టారు, వేపమండలతో కొట్టారు. చివరికి చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోతే డాక్టరు, “ఇది ప్యూర్పెరల్ మానియా. కొందరు బాలింతలకు వస్తుంది, తగ్గుతుంది. మద్రాసు తీసుకుపోండి” అన్నాడు. మా ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

“దయ్యం కాదంట, జబ్బంట. జబ్బయితే మందుండాది గదా, ఏడస్తావేమిరా!” అని మా అత్త కొడుకును కసిరింది. బిడ్డను తన దగ్గరే పెట్టుకుని ఆవుపాలు పట్టి సాకింది.

మద్రాసు పిచ్చాసుపత్రిలో మొదటి నెల నాకు సరిగా గుర్తు లేదు. పారాల్డిహైడ్ అనే నిద్రమందు కంపు మాత్రం ఇంకా ముక్కులోనే ఉంది. తర్వాత షాక్ ట్రీట్‌మెంట్ ఇచ్చారు. లేచేసరికి మాది ఏ ఊరో గుర్తొచ్చేది కాదు. చాలా భయపడ్డాను, అబద్ధం ఎందుకు చెప్పాలి? కానీ నిద్ర తిరిగొచ్చింది, దాని వెనకే ఆకలీ వచ్చింది. పొద్దున గంట కొడితే గంజి, తర్వాత వరుసలో స్నానాలు, మధ్యాహ్నం బియ్యంలో రాళ్ళు ఏరడం. నా పక్కనామె రాళ్ళు ఏరుతూ రోజూ తన కోడలి మీద చాడీలు చెప్పేది. ఆమెకు పెళ్ళే కాలేదట. అయినా చాడీలు భలే రుచిగా ఉండేవి.

మా ఆయన నెలకోసారి చూడడానికి వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా అత్త పంపిన పురికొస ముక్క ఒకటి చేతిలో పెట్టేవాడు. బిడ్డను పడుకోబెట్టి, తల నుంచి మడమ దాకా కొలిచి తెంచిన ముక్క. ఆమెకు చదువు రాదు, ఆమె రాసే ఉత్తరం అదే. మొదటిది చూసి ఎవరి బిడ్డ కొలతో అనుకున్నాను. మూడోది వచ్చాక మూడూ పక్కపక్కన పెట్టుకుని, “నా కొడుకు పొడుగవుతున్నాడు” అన్నాను. ‘నా కొడుకు’ అన్నానని అన్నాక తెలిసింది.

వార్డులో తాడు ముక్క ఉండకూడదు, ఎవరైనా మెడకు బిగించుకుంటారని. అందుకే వాటిని చాప కింద దాచాను. రేపోమాపో డిశ్చార్జి అనగా ఆయా వాటిని పట్టుకుంది.

“ఏంటమ్మా ఇవి?” అని డాక్టరమ్మ అడిగింది.

“నా కొడుకండీ.”

ఆమె ముఖం మారింది. నేను ఊరుకోవచ్చు కదా! “ఇది మూడో నెల కొడుకు, ఇది నాలుగో నెల కొడుకు” అని చూపించాను. ఎంత వివరిస్తే అంత చెడింది. డిశ్చార్జి ఆపి, నన్ను మళ్ళీ అబ్జర్వేషన్ వార్డుకు పంపారు. ఇక ఈ జన్మకు వాణ్ణి నా చేతికివ్వరని వారం రోజులు ఏడ్చాను.

మా ఆయన ఇంకో ముక్కతో రాగానే డాక్టరమ్మ మా ఇద్దర్నీ పిలిపించి ఆయన్ను అడిగింది.

“మా యమ్మ పంపించిందమ్మా. పిల్లోని పొడుగు. ఈ తూరి ఒక వేలు మందం పెరిగినాడు” అన్నాడు.

ఆమె నాలుగు ముక్కలూ బల్ల మీద పరిచి చాలాసేపు చూసింది. “ఎవరి కొడుకమ్మా?” అని నన్ను అడిగింది.

“నా కొడుకే.”

“తప్పు నాది. ఇంటికి పో” అని పకపకా నవ్వింది.

ఇంటికి పోతే బిడ్డ నన్ను చూసి గుక్కపట్టి ఏడ్చాడు. “కొన్నాళ్ళు నీ కాడే ఉండనీమ్మా” అని మా ఆయన అత్తతో గొణిగాడు.

“వాళ్ళమ్మ వచ్చినాక నాకేం పనిరా?” అంటూ అత్త వాణ్ణి నా ఒళ్ళో పడేసింది. “పాలు గోరువెచ్చంగ జేసి పట్టు మ్మే. నేను చెరుకు కాడికి పోతుండా” అని, మా ఆయన్నీ వెంటబెట్టుకుని వెళ్ళిపోయింది.

వాడికిప్పుడు ఆరేళ్ళు, ఆటల్లో పడితే పిలిచినా పలకడు. నేను బాగున్నాను. నేను చెప్పేది ఒక్కటే. మీ ఇంటి పిల్ల అలా తిరిగొస్తే, డాక్టరు సరేనన్నాక, బిడ్డను ఆమె చేతికిచ్చి ఏదో పని ఉందని బయటికి పొండి. ఆ రోజు మా తోటలో చెరుకు లేదని, కొట్టేసి నెలయిందని, నాకు తర్వాత తెలిసింది.