పదకొండు రోజుల మసి

యాకూబ్ సాబ్‌కు లోకంలో ఒక్కటే శత్రువు, మసి. దొంగలను క్షమిస్తాడు, తాగుబోతులను క్షమిస్తాడు, జీతం ఆలస్యమైనా ఏమీ అనడు. కాల్చిన తుపాకీ బోల్టు మీద ఆవగింజంత మసి మిగిలిందంటే మాత్రం ఆ పూట ఆయనకు అన్నం సహించదు.

సాయుధ పోలీసుల ఆయుధాల గదిలో తుపాకుల మంచిచెడ్డలు చూసే ఆర్మరర్ ఆయన. పానగల్ నుంచి రోజూ సైకిల్ మీద వచ్చి, ఇరవై ఆరేళ్ళుగా అదే బల్ల వెనక కూర్చుంటున్నాడు. తుపాకీ పేలినప్పుడల్లా మందు పొగ వెనక్కి తన్ని బోల్టుకూ, ఆ బోల్టును మోసుకుంటూ ముందుకూ వెనక్కూ జారే క్యారియర్‌కూ పట్టేస్తుంది. వేడికి గట్టిపడి మాడు పెచ్చులా అతుక్కుంటుంది. దాన్ని కిరసనాయిల్ నూనెలో నానబెట్టాలి, ఇత్తడి బ్రష్‌తో రుద్దాలి, బ్రష్ దూరని మూలల్లో వెదురు పుల్లతో గీకాలి. చివరికి తెల్లటి గుడ్డ పేలికతో తుడిచి ఆయన ముందు పెట్టాలి. ఆ పేలికను ఆయన చిందీ అంటాడు. చిందీ మల్లెపువ్వులా ఉంటే రిజిస్టర్‌లో ‘పాస్’ అని రాస్తాడు. లేకుంటే ‘మసి ఉంది’ అని రాసి వెనక్కి పంపుతాడు. పెద్ద సారు అంగరక్షకుడి తుపాకీని మూడుసార్లు వెనక్కి పంపిన మనిషి ఆయన.

ఈ జబ్బు ఇంటికీ పాకింది. ఒకసారి భార్య లాడ్లీ బేగం ఊరికి వెళ్ళిన సమయం చూసి రొట్టెల పెనం అడుగున ఇరవై ఏళ్ళుగా పేరుకున్న మసినంతా ఇత్తడి బ్రష్‌తో వదలగొట్టాడు. అంతటితో ఆగక పెనం పైభాగం కూడా అద్దంలా తోమాడు. ఆమె తిరిగి వచ్చి జొన్నరొట్టె వేస్తే అది పెనాన్ని పట్టుకుని వదల్లేదు. మూడు రోజులు ఆ ఇంట్లో రొట్టె ముక్కలు ముక్కలుగానే దిగింది. నాలుగో రోజు లాడ్లీ బేగం ఆయన్ను కూర్చోబెట్టి, తుపాకులు మీ రాజ్యం, పెనం నా రాజ్యం అని సరిహద్దు గీసింది. మేనకోడలు హఫ్సా పెళ్ళిలోనైతే బిర్యానీ డేగిషాల అడుగులు చూసి వంటవాడికి అరగంట పాఠం చెప్పాడు. వరుడి తరఫువాళ్ళు ఆయన్ను ఆహార తనిఖీ అధికారి అనుకుని ప్రత్యేకంగా వడ్డించారు.

ఆయన్ను మోసం చేయడానికి ప్రయత్నించినవాడు కానిస్టేబుల్ దామోదర్ ఒక్కడే. బోల్టు తుడవకుండా జేబులోంచి ఇంకో తెల్లటి చిందీ తీసి చూపించాడు. యాకూబ్ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని, దీనికి నూనె వాసన లేదు, సబ్బు వాసన ఉన్నది అని తిరిగి అతని జేబులోనే పెట్టాడు.

అలాంటి మనిషి చేతిలో ఆ ఎన్నికల ఏడాది నిరోష పడింది.

నిరోష నకిరేకల్ పిల్ల. ఫైరింగ్‌లో ఆ బ్యాచ్‌కే మొదటిది, తుపాకీ శుభ్రం చేయడంలోనూ ఎవరూ వేలెత్తి చూపించలేనంత పనిమంతురాలు. ఎన్నికల ముందు ఫైరింగ్ ప్రాక్టీసు జరిగేనాటికి ఆమెకు మూడో నెల. ఆ సంగతి భర్తకూ, అత్త సత్తమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. కిందటేడు సంతోషం పట్టలేక రెండో నెలలోనే అందరికీ మిఠాయి పంచింది. ఆ కడుపు నిలవలేదు. ఆ తర్వాత కనబడిన ప్రతి మనిషికీ ఆ మాట చెప్పుకోవడమే అసలు నొప్పి కంటే పెద్ద నొప్పి అయింది. అందుకే ఈసారి అయిదో నెల వచ్చేదాకా నోరు విప్పొద్దని అత్తాకోడళ్ళు ఒట్టు పెట్టుకున్నారు.

ప్రాక్టీసు మర్నాడు నిరోష బోల్టు మెరిపించి తెచ్చింది. యాకూబ్ దాన్ని వెలుతురులో ఇటు తిప్పి అటు తిప్పి, చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, ‘మసి ఉంది’ అని రాశాడు. ఎక్కడ అని అడిగితే, క్యారియర్ లోపల, గీ మూలకు అన్నాడు. తుపాకీ పాస్ కానిదే చెక్‌పోస్టు డ్యూటీకి పంపరు. ఎవరి నంబరు తుపాకీ వాళ్ళదే. కాబట్టి ఆమె ఆ రోజంతా ఆయుధాల గదిలో ఫ్యాను కింద కుర్చీలో కూర్చుని లేని మసిని గీకింది.

రెండో రోజూ అదే. మూడో రోజూ అదే. కిరసనాయిల్ డబ్బా ముట్టుకోబోతే దూరం జరగమన్నాడు. నానబెట్టే పని తానే చేసి, ఆరిన బోల్టు మాత్రం ఆమె చేతికి ఇచ్చాడు. ఆ పని కూడా నాకు రాదనుకుంటున్నాడా అని నిరోషకు ఒళ్ళు మండింది. మొదటి రోజే ఇంకో వింత కూడా జరిగింది. దామోదర్ ఎప్పటిలాగే నల్లటి బోల్టు తెస్తే యాకూబ్ తానే కూర్చుని దాన్ని తోమి, ‘పాస్’ రాసి, నిరోష బదులు అతన్ని హైవే చెక్‌పోస్టుకు పంపేలా చేశాడు. ఆయన ఇంకొకరి తుపాకీ తోమడం ఆ పోలీసు లైన్లలో ఎవరూ చూసి ఎరగరు. దామోదర్ అది గౌరవమో శిక్షో తేల్చుకోలేక జీపెక్కాడు.

పదకొండు రోజులు గడిచాయి. ఒక్క పూట పేల్చిన తుపాకీకి పదకొండు రోజుల మసి. క్యాంటీన్‌లో నవ్వడం మొదలుపెట్టారు. ఫైరింగ్‌లో మొదటి పిల్ల తుడవడంలో ఆఖరని ఎవరో అన్నది నిరోష చెవిన పడింది. ఆ మాట ఆమె భరించలేకపోయింది.

పన్నెండో రోజు హైదరాబాద్ నుంచి తనిఖీకి అఖీల్ అనే ఆర్మరర్ వచ్చాడు. యాకూబ్ దగ్గరే పని నేర్చుకున్నవాడు. రిజర్వ్ ఇన్‌స్పెక్టర్ ఐలేశం పక్కనే ఉండగా నిరోష తన బోల్టునూ క్యారియర్‌నూ తెచ్చి అఖీల్ ముందు పెట్టింది. అతను చిందీ పెట్టి తుడిచాడు, వెదురు పుల్ల పెట్టి గీకాడు, టార్చి వేసి చూశాడు.

“ఉస్తాద్, ఇండ్ల మసి ఏడున్నది?” అన్నాడు మెల్లగా.

గదిలో అందరూ యాకూబ్ వైపు చూశారు. ఆయన బల్ల వంక చూస్తూ, వయసు మీద పడ్డది, కండ్లు మసకబడ్డట్టున్నయి అన్నాడు. ఐలేశం ముఖం చిన్నబోయింది. కంటి దవాఖానలో చూపించుకుని కాగితం తెమ్మన్నాడు. చూపు సరిగా లేకుంటే ఆ బల్ల వేరేవాళ్ళకు అప్పగించక తప్పదని కూడా చెప్పాడు.

నిరోష గెలిచింది, కానీ గెలిచినట్టు అనిపించలేదు. మధ్యాహ్నం ఆయుధాల గది వైపు వెళ్తే యాకూబ్ వరండాలో కూర్చుని, తెగిన తుపాకీ పట్టీ కుట్టడానికి సూదిలో దారం ఎక్కిస్తున్నాడు. మొదటిసారికే ఎక్కించాడు, కళ్ళజోడు లేకుండా.

“మీ కండ్లు మంచిగనే ఉన్నయి గద సార్,” అంది.

యాకూబ్ దొరికిపోయినవాడిలా నవ్వాడు. “మొదటి దినం నేను కిరసనాయిల్ డబ్బా మూత తీస్తే నువ్వు ముక్కు మూసుకొని బయటికి ఉరికినవ్, బిడ్డా. ముగ్గురు పిల్లల తండ్రిని. నాకు తెల్వదా?”

 నన్ను అడిగితే అయిపోవు గద సార్ అంది నిరోష.

“నువ్వే ఎవ్వరికి చెప్పలే, నేనెట్ల అడుగుత? చెక్‌పోస్టు కాడ పన్నెండు గంటలు నిలవడాలె. ఈడ కుర్చీ ఉన్నది, ఫ్యాను ఉన్నది. నా చేతుల ఉన్నది గా ఒక్క మాటనే, మసి ఉన్నదని. ఇరవై ఆరేండ్లల్ల రిజిస్టర్ల అబద్ధం రాయలే. రాసిన ప్రతిసారి నాకు అన్నం పోలే.”

నిరోష అక్కణ్ణుంచి నేరుగా ఐలేశం గదికి నడిచింది. అత్తతో కలిసి పెట్టుకున్న ఒట్టుకు ఇంకా నెలన్నర గడువుంది. అయినా చెప్పేసింది. ఐలేశం అంతా విని, టోపీ తీసి బల్ల మీద పెట్టి, కండ్లు చూపించుకోవాల్సింది నేనమ్మా అన్నాడు. ఆ సాయంత్రానికే ఆమెకు ఆయుధాల గదిలో రిజిస్టర్ రాసే డ్యూటీ వేశాడు. చెప్పగానే సత్తమ్మ అలిగింది, తర్వాత దిష్టి తీసి, యాకూబ్ సాబ్‌కు ఇమ్మని సంచీడు బత్తాయిలు పంపింది.

మర్నాడు యాకూబ్ పదకొండు ‘మసి ఉంది’లనూ ఒక్కొక్కటే కొట్టేసి, పక్కన ‘పాస్’ అని రాసి, ప్రతిదానికీ సంతకం పెట్టాడు. మొదటిసారి ఆయన టిఫిన్ డబ్బాలోని రొట్టెలన్నీ తినడం నిరోష చూసింది.

విషయం అప్పటికే లైన్లంతా పాకింది. పదకొండు రోజుల ఎండకు నల్లబడిన దామోదర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. కోపంగా ఉన్నాడేమోనని నిరోష లేచి నిలబడబోతే కూర్చోమని సైగ చేశాడు. ముందే చెబితే తానే అడిగి వెళ్ళేవాణ్ణని అన్నాడు. తర్వాత జర సిగ్గుపడుతూ, ఆ పొద్దున ఫైరింగ్‌లో కాల్చి వచ్చిన తుపాకీ బోల్టును బల్ల మీద పెట్టాడు.

“యాకూబ్ సాబ్, మా చెల్లె పుష్ప పెండ్లి ఉన్నది. నాకు గూడ నాలుగు దినాలు మసి ఉన్నదని రాయరాదు?”

యాకూబ్ ఆ బోల్టును చిందీతో ఒక్కసారి తుడిచాడు. చిందీ బొగ్గులా నల్లగా వచ్చింది.

“నీ దానికి నేను అబద్ధం రాసే అవసరమే లేదు దామోదర్,” అన్నాడు తృప్తిగా, పెన్ను మూత తీస్తూ.