బావగారి తేనె సీసా

పదేళ్ల కిందట ఫిజీ నుంచి మేముండే టౌరంగా రేవుపట్నానికి చిన్న తెరచాప పడవలో తిరిగొచ్చాం. పడవ మావారి అన్నగారిది. బావగారు, మావారు, నేను, అంతే. పదకొండు రోజుల ప్రయాణంలో నాకు ఒకటే వాంతులు. ఆవకాయ అన్నం ఒక్కటే నోటికి సయించేది. ఐదో రోజు బావగారు ఆ జాడీని సముద్రంలోకి విసిరేశారు.

"ఈ కంపుకి చేపలు కూడా పారిపోతున్నాయి అమ్మాయ్!" అని పకపకా నవ్వారు. మావారూ నవ్వారు. మిగిలిన దారంతా పంచదార నీళ్లతో, రామనామంతో నెట్టుకొచ్చాను.

రేవు కనిపించగానే బావగారు ఫిజీలో కొన్న తేనె సీసాను తెరచాపల సంచిలో దాచారు. బయటి తేనెను ఈ దేశంలోకి రానివ్వరు.

"నువ్వు నోరెత్తకు. బడి మొహం చూడనిదానివి, ఆఫీసర్లతో నీకెందుకు?" అన్నారు.

తనిఖీకి వచ్చినావిడ, తినేవి ఇంకేమైనా ఉన్నాయా అని ఇంగ్లీషులో అడిగింది.

"నో, నథింగ్" అన్నారు బావగారు.

నాన్నగారు నాకు ఇంట్లోనే ఇంగ్లీషు నేర్పారు. "హనీ ఉంది మేడమ్, ఇన్ దట్ బ్యాగ్" అన్నాను.

సీసా దొరికింది. ఆపైన పడవంతా గాలించారు. మూడు గంటలు బావగారు ఎండలో రేవు మీద నిలబడ్డారు.

"ఎంత పని చేశావమ్మా!" అన్నారు.

"అబద్ధం నాకు చేతకాదు బావగారూ" అన్నాను. నేను నోరు విప్పింది సత్యం కోసం కాదని దేవుడికి తెలుసు.

ఇంటికెళ్లి దీపం పెట్టాను. క్షేమంగా ఒడ్డుకు చేర్చినందుకు తరవాత, ముందు ఆవిడ చేత ఆ ప్రశ్న అడిగించినందుకు స్వామికి దణ్ణం పెట్టుకున్నాను.